ఎనిమిది గుంజల బడి

మూడోసారి కూడా టార్పాలిన్ ఎగిరిపోయింది.

మొదటిసారి సరుగుడు తోటలో దొరికింది. రెండోసారి ఉప్పుటేరు గట్టున దొరికింది. ఈసారి ఎటు పోయిందో ఆ సముద్రపు గాలికే తెలియాలి. గవ్వలపాలెం ప్రాథమిక పాఠశాల హెడ్మాస్టరు తవిటినాయుడు బడి ఆవరణలో నిలబడి, చేతిలో మిగిలిన తాడుముక్క వంక చూసుకున్నాడు. హెడ్మాస్టరంటే పెద్ద హోదా అనుకునేరు. ఆ బడికి హెడ్డూ అతనే, మాస్టరూ అతనే, గంట కొట్టేవాడూ అతనే.

వేసవి సెలవులు అయిపోయాయి, రేపు పొద్దున్న బడి తెరవాలి. నెల కిందట ఇంజినీర్లు వచ్చి పాత భవనం చూశారు. స్లాబు పెచ్చులూడుతోంది, పిల్లల్ని కూర్చోబెట్టడానికి వీల్లేదని తాళం వేసి వెళ్లారు. కొత్తది కట్టడానికి ఏడాది పడుతుంది. అప్పటిదాకా ఎక్కడో ఒకచోట నీడ చూపించాలి. చూపించలేకపోతే నలభై ఒక్కమంది పిల్లల్నీ ఉప్పుటేరు అవతలి బడిలో కలిపేస్తారు. ఆ బడి మూడు మైళ్లు. వానాకాలంలో ఏరు పొంగితే పెద్దవాళ్లకే దాటడం కష్టం. ఆరేళ్ల పిల్లలేం దాటుతారు? చదువు మానేస్తారు, అంతే.

నీడ ఉందో లేదో చూసి కాగితం రాసుకుపోవడానికి మండల విద్యాధికారి ఆ సాయంత్రం నాలుగింటికి వస్తున్నాడు.

ఈ మాట ఊళ్లో ఎవరికీ తెలియదు. భవనానికి తాళం పడిన సంగతి అందరూ చూశారు గాని, మాస్టారు ఏదో చేస్తార్లే అనుకున్నారు. బడి పోయే ప్రమాదం ఉందని తవిటినాయుడు ఎవరికీ చెప్పలేదు. చేపల వేట లేని రోజుల్లో వాళ్ల బాధలు వాళ్లకుంటాయి, ఇదెందుకు నెత్తిన పెట్టడం అనుకున్నాడు. అతని స్వభావమే అంత. ఆ ఊరు వచ్చి ఆరేళ్లయింది. గోడలకు సున్నం తనే వేశాడు. కుళాయి చెడితే తనే విప్పాడు. వంటావిడ రాని రోజున పప్పు తనే వండి వడ్డించాడు. ఎవరైనా పలకరిస్తే "నేనున్నానుగా" అనేవాడు. ఊరి జనం "మా మాస్టారు దేవుడు" అని దణ్ణం పెట్టి తమ పని తాము చూసుకునేవారు. దేవుడి పనిలో మనుషులు వేలు పెట్టరు కదా.

అలాంటి తవిటినాయుడికి కూడా ఆ పొద్దున ఏడుపొచ్చినంత పనయింది. ఏం తోచక మొదటి బస్సెక్కి వైకుంఠం మాస్టారి దగ్గరికి వెళ్లాడు.

వైకుంఠం మాస్టారు తవిటినాయుడికి అక్షరాలు దిద్దించిన గురువు. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. ఉద్యోగంలో చేరిన కొత్తలో, అంటే యాభై ఏళ్ల కిందట, ఈ గవ్వలపాలెంలోనే పదేళ్లు పనిచేశారు. తవిటినాయుడు వెళ్లేసరికి ఆయన అరుగు మీద కూర్చుని, భార్య కొట్టి పడేస్తున్న ఆవకాయ ముక్కల్ని ఒక్కొక్కటే గుడ్డతో తుడుస్తున్నారు.

తవిటినాయుడు అంతా చెప్పాడు. స్లాబు, టార్పాలిన్, గాలి, నాలుగు గంటలు.

"ఆరేళ్లు మాస్టారూ! ఆ బడికి నేను చెయ్యని పని లేదు. ఊళ్లో ఒక్కర్ని ఒక్క సాయం అడిగి ఎరగను. చివరికి ఇలాగైంది."

ఆ మాట అనేటప్పుడు అంత దిగుల్లోనూ అతని మెడ కాస్త నిటారుగా నిలబడింది. మాస్టారు అది చూశారు. చేతిలో ముక్క తుడిచి పళ్లెంలో వేశారు.

"నీ దగ్గర గునపం ఉందా?" అన్నారు.

"రెండున్నాయి మాస్టారూ. పారలు కూడా ఉన్నాయి. నేనే కొన్నాను."

"ఒకటి చాలు. పద."

భార్య వెనక నుంచి "ముక్కలు సగం అలాగే ఉన్నాయి!" అంది. మాస్టారు అప్పటికే చెప్పుల్లో కాళ్లు పెట్టేశారు.

బస్సులో మాస్టారు కిటికీ పక్కన కూర్చుని హాయిగా నిద్రపోయారు. తవిటినాయుడు గడియారం చూసుకుంటూ కూర్చున్నాడు. గవ్వలపాలెంలో దిగేసరికి పదకొండయింది. బడికి వెళ్లి గునపం తెచ్చుకున్నారు గాని, మాస్టారు భవనం వంక చూడనైనా చూడలేదు. సరాసరి రేవు వైపు నడిచారు.

రేవులో వలల పాక ఉంది. సరుగుడు గుంజలు ఎనిమిది, పైన తాటాకు కప్పు, చుట్టూ గోడలంటూ లేవు. వేట నిషేధం ఉన్న రెండు నెలలూ మత్స్యకారులు ఆ నీడన కూర్చుని చిరిగిన వలలు బాగుచేసుకుంటారు. ఇంకో మూడు రోజుల్లో నిషేధం అయిపోతుంది. అందుకని ఆ రోజు పాక కిటకిటలాడుతోంది. పాతికమంది మగవాళ్లు కాలి బొటనవేలికి వల తగిలించుకుని, చేతులు ఆడిస్తూ కబుర్లలో ఉన్నారు.

మాస్టారు ఎవర్నీ పలకరించలేదు. మూలగుంజ దగ్గర గొంతుక్కూర్చుని, దాని మొదట్లో ఇసుక తవ్వడం మొదలుపెట్టారు.

కబుర్లు ఆగిపోయాయి. పాతికమంది పాతిక రకాలుగా చూశారు. ఎవరో ముసలాయన వచ్చి, తాము కూర్చున్న పాకనే తవ్వుతుంటే ఎవరికైనా ఏం తోస్తుంది? అందరిలో పెద్దవాడు ఎర్రయ్య, అరవై దాటిన మనిషి, వల పక్కన పెట్టి దగ్గరికొచ్చాడు. వంగి మొహం చూశాడు.

"ఓలమ్మో! వైకుంఠం పంతులుగారే!"

"నేనే ఎర్రయ్యా. బాగున్నావా?"

"బాగే గాని... ఏటి సేత్తన్నారు బాబూ?"

"కనబడ్డం లేదూ? మీ పాక దొంగతనం చేస్తున్నాను."

పాకలో నవ్వులు లేచాయి. మాస్టారు నవ్వలేదు. ఇంకో రెండు పోట్లు పొడిచి, గునపం పక్కన పడేసి, పంచె పైకి దోపి, ఆ గుంజని రెండు చేతులా వాటేసుకుని పైకి లాగారు. పాక కదల్లేదు గాని, పైనుంచి ఎండుటాకుల పొట్టు రాలి ఆయన తలంతా నిండింది.

తవిటినాయుడికి తల కొట్టేసినట్టయింది. తన గురువు. ఊరందరి ముందూ.

"మాస్టారూ, లేవండి, మీకు దణ్ణం పెడతాను! ఎనిమిది గుంజలు, అంత కప్పు. ఒక్కరు ఎత్తే పనేనా ఇది?"

మాస్టారు గుంజని వదల్లేదు. తల మాత్రం తిప్పారు.

"నువ్వు ఆరేళ్లుగా ఎత్తుతున్నావుగా. ఎలా పట్టుకోవాలో కాస్త చూపించు."

తవిటినాయుడు బిగుసుకుపోయాడు. తర్వాత అతను చేసిన పని మీరు నమ్మరు. పౌరుషం కొద్దీ వెళ్లి రెండో గుంజ పట్టుకున్నాడు! నలభై రెండేళ్ల మనిషి, మంచి కండ ఉన్నవాడు. పళ్లు బిగించి లాగాడు. మొహం కందగడ్డయింది. గుంజ ఉలకలేదు, పలకలేదు. అతని చొక్కా మాత్రం చంక దగ్గర టర్రుమంది.

ఇక పాకలో ఎవరూ ఆపుకోలేకపోయారు. ఆ నవ్వుకి వీధిలో ఆడవాళ్లు కూడా వచ్చి నిలబడ్డారు. తవిటినాయుడు గుంజకి తల ఆనించి అలాగే ఉండిపోయాడు. ఎంతసేపు అలా ఉండగలడు? ఎండ పైకెక్కుతోంది. నాలుగు గంటలకి అధికారి వస్తాడు. మాస్టారు మట్టిచేతులతో తన వంకే చూస్తున్నారు. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. ఆ సామెత తవిటినాయుడు పిల్లలకు వందసార్లు చెప్పి ఉంటాడు. చెప్పడం వేరు, నోరు పెగలడం వేరు.

చివరికి అతను ఎర్రయ్య వైపు తిరిగాడు.

"ఎర్రయ్య గారూ... ఒక చెయ్యి వేస్తారా?"

"చెయ్యేత్తాం గాని, ఎందుకో సెప్పండి" అన్నాడు ఎర్రయ్య.

అప్పుడు చెప్పాడు. మొదటిసారి, అందరికీ చెప్పాడు. బడి ఏరు దాటి వెళ్లిపోయే ప్రమాదం, సాయంత్రం వచ్చే అధికారి, మూడుసార్లు ఎగిరిపోయిన టార్పాలిన్. చెబుతున్నకొద్దీ నవ్వులు ఆగిపోయాయి. ఎర్రయ్య మొహం ఎర్రబడింది.

"మా పిల్లల బడి పోతంటే మాకు సెప్పరా?" అన్నాడు. కోపం కాదది. దెబ్బ తగిలినవాడి గొంతు.

"మీకెందుకు కష్టమని..."

"అదే మాట!" అంటూ గుంపులోంచి ఎర్రయ్య భార్య పోలమ్మ ముందుకొచ్చింది. రోజూ చేపలగంప నెత్తిన పెట్టుకుని నాలుగూళ్లు తిరిగే మనిషి. గొంతు విప్పిందంటే ఏరు అవతలికి వినబడుతుంది. "నువ్వొచ్చిన మొదటేడు, బడి తెరిసే ముందర, నాను మరో నలుగురు ఆడోల్లని ఎంటబెట్టుకుని సున్నం కుండల్తో వచ్చినాను, గేపకముందా బాబూ? ఏటన్నావు? 'మీకెందుకమ్మా శ్రమ, నేనున్నానుగా' అన్నావు. నీ మాట తియ్యగానే ఉంది. మావు కుండలు ఎత్తుకుని ఎనక్కొచ్చీసినాం. మరి ఆ గుమ్మం తొక్కడానికి మాకు పనేటుంది?"

తవిటినాయుడికి జ్ఞాపకం వచ్చింది. అయిదుగురు ఆడవాళ్లు, చేతులకి అప్పటికే అంటిన సున్నం, కొబ్బరిపీచు కుంచెలు. ఆ రోజు ఇంటికెళ్లి భార్యతో "పాపం, పనులు మానుకుని వచ్చారు, మర్యాదగా పంపించేశాను" అని గొప్పగా చెప్పుకున్నాడు కూడా. ఇప్పుడు సిగ్గుతో తలెత్తలేకపోయాడు.

మాస్టారు తలమీది పొట్టు దులుపుకుంటున్నారు. ఆయన మొహంలో ఏ భావమూ లేదు.

"పంతులుగారి కాలంలో ఇలాగ కాదు" అన్నాడు ఎర్రయ్య, కుర్రవాళ్ల వైపు తిరిగి. "అప్పుడు బడికి ఇల్లు లేదు. నల్లబల్ల మా ఇంట్లో పడుకునీది. గంట ఒకలింట్లో, సాపలు ఒకలింట్లో, మంచినీల్ల కుండ ఒకలింట్లో. పొద్దున్నే పిల్లలం ఎవలింట్లోది ఆల్లు మోసుకొచ్చీసేవోల్లం. ఒక దినం మేం లెగలేదు, నల్లబల్ల రాలేదు. ఈదంతా వచ్చి మా తలుపు బాదీసినారు. మా అయ్య నన్నూ బల్లనీ కలిపి ఎత్తుకొచ్చి పడీసినాడు!"

నవ్వులు మళ్లీ పుట్టాయి. ఈసారి తవిటినాయుడు కూడా నవ్వాడు. కళ్లు మాత్రం తడిగానే ఉన్నాయి.

"సరే, ముచ్చట్లు తరవాత" అంది పోలమ్మ. "పాకలో వలలు తియ్యండి, దీన్ని బడికాడికి ఎత్తుకెల్లిపోదాం. మూడు దినాల్లో ఏటకెల్లిపోతే ఇక్కడ కుక్కలు పడుకోడమే కదేటి. మిగిలిన వలలు పడవ నీడన కుట్టుకోండి."

ఆ తర్వాత జరిగింది చూడాలి గాని చెప్పడం కష్టం. పాతికమంది కాస్తా అరగంటలో డెబ్బైమంది అయ్యారు. గుంజకి ఇద్దరు చొప్పున తవ్వారు. ఎనిమిది గుంజల్ని అడ్డకర్రలతో కలిపి కట్టారు. ఎత్తి ఇసుకలోంచి పాదాలు పెరికేసరికి పాక అంతా ఒక్కసారి మూలిగింది. పిల్లలు కేకలు పెట్టారు. ఆడవాళ్లు లోపలికి దూరి దూలాలకి భుజాలిచ్చారు. ఎర్రయ్య ముందుగుంజ పట్టుకుని, పడవ లాగేటప్పటి గొంతు ఎత్తుకున్నాడు.

"ఎత్తర బాబూ!"

"హైలెస్సా!"

"ఏటీ బరువూ!"

"హైలెస్సా!"

"పంతులి పాకా!"

"హైలెస్సా!"

పాక లేచింది. లేచి, నూట నలభై కాళ్లతో వీధిలోకి నడిచింది. కప్పు మీద పొదుగుతున్న కోడిపెట్ట ఒకటుందని అప్పటికి గాని ఎవరూ చూసుకోలేదు. అది గుడ్ల మీంచి లేవలేదు, మెడ మాత్రం సాచి, జమీందారు పల్లకీలో వెళ్తున్నట్టు ఊరంతా చూస్తూ కూర్చుంది.

వీధి సందుకి చేపలు ఎండబెట్టే దడి ఒకటి అడ్డం వచ్చింది. పీకేశారు. మలుపు దగ్గర మునగచెట్టు అడ్డం వచ్చింది. ఆ ఇంటావిడ ఎవరైనా నాలుగు రెబ్బలు ఆకు కోసినా తగువుకి దిగే మనిషి. అందరూ ఆగిపోయి ఆవిడ వంక చూశారు. ఆవిడ లోపలికెళ్లి కత్తి తెచ్చి, తనే కొమ్మ నరికి పక్కన పడేసి, "ఏటి సూత్తారు? నడండి!" అని తనూ ఒక దూలం కింద దూరింది. దారిపొడుగునా ఎవరో ఒకరు గంజినీళ్ల చెంబుతో వచ్చేవారు. తాగినవాడు చెంబు వెనక్కిచ్చేవాడు. ఇచ్చినవాళ్లు చెంబు గట్టు మీద పెట్టి వచ్చి పాక పట్టుకునేవారు. బడి దగ్గరపడేకొద్దీ మోసేవాళ్లు పెరుగుతున్నారు.

సరిగ్గా అప్పుడు, చెప్పిన వేళకి గంట ముందే, మండల విద్యాధికారి మోటారుసైకిలు వీధి మొదట్లో కనిపించింది. ఎదురుగా ఒక పాక నడిచి వస్తుంటే ఆయన బండి ఆపి, కాళ్లు నేలకానించి, నోరు తెరుచుకుని నిలబడ్డాడు.

తవిటినాయుడు దూలం కిందనుంచే నమస్కారం పెట్టబోయాడు. చేతులు ఖాళీ లేవు.

"ఏమిటండీ ఇది?" అన్నాడు అధికారి. "నేను బడి ఉందో లేదో చూడ్డానికొచ్చాను."

"వత్తంది, కాస్త పక్కకి తప్పుకో బాబూ!" అంది పోలమ్మ.

అధికారి తప్పుకున్నాడు. బండి గోడకి చేర్చాడు. పాక తన ముందునుంచి వెళ్తుంటే కాసేపు చూశాడు. వెనక మూల ఒకటి కిందికి జారుతోంది. ఆయన ఏమనుకున్నాడో, చేతిసంచీ బండి మీద పడేసి, పరుగున వచ్చి ఆ మూలకి భుజం పెట్టాడు.

"సార్, రిపోర్టు..." అన్నాడు తవిటినాయుడు ముందు వరసలోంచి.

"ఇక్కడే బడి నడుస్తుందని రాస్తానండీ బాబూ! ముందు మీవాళ్లని నెమ్మదిగా నడవమనండి, నా కాలు తొక్కుతున్నారు!"

వీధంతా ఘొల్లుమంది. "హైలెస్సా" ఇంకా పెద్దదైంది. దూరంగా బడి గేటు కనబడుతోంది. పిల్లలు ముందే పరుగెత్తి రెండు రెక్కలూ బార్లా తీసి, గేటు మీదెక్కి ఊగుతున్నారు.

అప్పుడు తవిటినాయుడికి ఒక సంగతి తెలిసింది. తన భుజం మీద బరువు లేదు. చాలాసేపటి నుంచీ లేనట్టుంది. అనుమానం తీర్చుకోవడానికి భుజం కాస్త దించాడు. పాక అలాగే వెళ్తోంది. చెయ్యి తీశాడు. పాక వెళ్తూనే ఉంది. ఒక్కొక్క వరసా తనని దాటుకుని పోయింది. చివరికి అతను ఖాళీ చేతులతో వీధి మధ్యలో నిలబడి ఉన్నాడు. అతను లేని పాక, ఆరేళ్లుగా తనదనుకున్న బడి, పాటలు పాడుకుంటూ ముందుకి పోతోంది.

ఒక్క క్షణం అతని గుండె చివుక్కుమంది. అబద్ధం ఎందుకు, చివుక్కుమంది. ఆ వెంటనే ఎక్కడినుంచి వచ్చిందో తెలియని సంతోషం పొంగుకొచ్చింది. ఆరేళ్లలో అంత తేలిగ్గా అతను ఎప్పుడూ ఊపిరి పీల్చలేదు.

వెనక వైకుంఠం మాస్టారు మెల్లగా నడిచి వస్తున్నారు. చెప్పులు తెగినట్టున్నాయి, చేత్తో పట్టుకున్నారు. శిష్యుడి పక్కన ఆగారు.

"ఏం, బరువెక్కువైందా?"

"లేదు మాస్టారూ. అసలు బరువే లేదు. నా చెయ్యి లేకపోయినా వెళ్తోంది."

"వెళ్తుంది" అన్నారు మాస్టారు. "అయినా పట్టుకో."

తవిటినాయుడు పరుగెత్తాడు. ముందుగుంజ దగ్గర ఎర్రయ్య పాట ఆపకుండా, తల తిప్పకుండా, కాస్త పక్కకి జరిగి అతనికి చోటిచ్చాడు.